రోలర్ స్కీయింగ్‌కి రోడ్డు వెతకడం ఎలా: ముందు ఆగే చోటు చూస్కోండి

రోలర్ స్కీలు, అంటే మంచు లేనప్పుడు తారు రోడ్డు మీద వాడే చక్రాల స్కీలు, కొత్తగా కొన్నవాళ్ళందరికీ మొదటి వారంలోనే వచ్చే సందేహం ఒకటే, బూట్లు బిగించాం, చేతికర్రలు, అదే పోల్స్, పట్టుకున్నాం, సరే ఇప్పుడు ఎక్కడికి పోవాలి? మంచు మీదైతే ఈ ప్రశ్నే రాదు, ట్రాక్ వేసి ఉంటుంది, వెళ్ళి ఎక్కడమే. తారు మీద అలా కాదు, రోడ్డు మనమే వెతుక్కోవాలి, ఆ రోడ్డు మీద కార్లుంటాయి, సైకిళ్ళుంటాయి, కుక్కల్ని తిప్పేవాళ్ళుంటారు, మలుపుల్లో ఇసుక ఉంటుంది. నా మటుకు నాకు టెక్నిక్ నేర్చుకోవడం కన్నా రోడ్డు దొరకడమే కష్టమనిపించింది. మంచి రోడ్డు దొరికిందా, గంటన్నర ఎలా గడిచిందో తెలీదు, చక్రాల చప్పుడు, పోల్స్ మొనలు తారు మీద టక్ టక్‌మనడం, మన ఊపిరి, ఇంకేం ఉండదు. రోడ్డు బాలేదనుకోండి, పావుగంటకే అరికాళ్ళు తిమ్మిరెక్కిపోతాయి, కళ్ళు రాళ్ళ మీద నుంచి పైకి లేవవు.

అందరూ రోడ్డు ఎంత నున్నగా ఉంది, ఎంత పొడుగుంది, చుట్టూ ఎంత బాగుంది అని చూస్తారు. నేను మాత్రం ముందు ఎక్కడ ఆగుతాను అన్నదే చూస్తాను. ఎందుకంటే మామూలు రోలర్ స్కీలకి బ్రేకులుండవు. కొన్ని మోడల్స్‌కి చక్రాన్ని నొక్కిపట్టే స్పీడ్ రిడ్యూసర్లు, పిక్కతో వెనక్కి నొక్కే బ్రేకులు విడిగా బిగించుకోవచ్చు, కానీ ఎక్కువమంది దగ్గరుండేది ఒక కడ్డీ, దానికి ముందొక చక్రం వెనకొక చక్రం, అంతే. చక్రాలన్నీ ఒకే వరసలో ఉండే ఇన్‌లైన్ స్కేట్స్‌కి మడమ దగ్గరుండే రబ్బరు ముక్క కూడా వీటికి ఉండదు. స్నోప్లో చేయొచ్చు, అంటే ముందు కొసలు దగ్గరికి తెచ్చి మడమలు బయటికి తోసి చక్రాల్ని తారుకి రాపాడించడం, నెమ్మదిగా వెళ్తున్నప్పుడు అది బాగానే పనిచేస్తుంది, వేగం పెరిగాక మాత్రం దానికి బోలెడంత దూరం కావాలి, రోడ్డు తడిగా ఉంటే ఆ దూరం ఇంకా పెరుగుతుంది.

వేగం ఎంత తొందరగా వస్తుందో ఒకసారి లెక్కేసుకోండి. గాలి, రాపిడి పక్కన పెడితే 5 మీటర్ల ఎత్తు దిగేసరికి గంటకి 35 కిలోమీటర్లు వస్తుంది. నిజంగా అంత రాదు, రబ్బరు చక్రాలు, మన ఒంటికి తగిలే గాలి కొంత తినేస్తాయి, కానీ 5 మీటర్లంటే రెండంతస్తుల మేడ కూడా కాదు కదా, అలాంటి దిగుడు మ్యాప్‌లో కంటికి కూడా ఆనదు. 30 వేగంలో సెకనుకి 8 మీటర్లు పైనే వెళ్ళిపోతాం, అంటే గేటులోంచి కారు మూతి బయటికి రావడం మనం చూసి, అర్థం చేసుకుని, కాలు కదిపేలోపే పది మీటర్లు అయిపోతాయి.

నేను ఈ పాఠం నేర్చుకున్నది ఒక చాలా అందమైన రోడ్డు మీదే. కొత్తగా తారేసిన రోడ్డు, రెండు వైపులా చెట్లు, కార్లు దాదాపు లేవు. పైకి ఎక్కుతున్నంతసేపూ ఇంత మంచి రోడ్డు ఇన్నాళ్ళూ ఎందుకు చూడలేదా అనుకున్నాను. ఎక్కేటప్పుడు మనం నడకకన్నా కాస్త ఎక్కువ వేగంతో ఉంటాం, ఏం కనిపించినా తప్పుకోవచ్చు, అందుకని ఏదీ ప్రమాదంగా అనిపించదు. పైన తిరిగి దిగడం మొదలుపెట్టాక అదే రోడ్డు వేరే రోడ్డైపోయింది, చివర్లో మలుపు, మలుపు దాటీ దాటగానే ఒక మట్టి దారి వచ్చి కలిసే చోటు, అక్కడ బండ్ల టైర్లు మోసుకొచ్చిన సన్న కంకర రోడ్డంతా పరుచుకుని ఉంది. ఎక్కేటప్పుడు దాని మీదుగా అడుగులేసుకుంటూ వెళ్ళిపోయాను కాబట్టి గుర్తే పెట్టుకోలేదు. గుండె జారిపోయింది. అదృష్టం కొద్దీ పక్కన గడ్డి ఉంది, అందులోకి దిగాను, చక్రాలు ఠక్కున ఆగిపోయాయి, నేను ఆగలేదు, మోచెయ్యి చీరుకుపోయి మూడు వారాలు పోల్ పట్టుకోలేకపోయాను. అక్కడ గడ్డి బదులు ఇనుప రెయిలింగ్ ఉండుంటే అని ఇప్పటికీ అనుకుంటాను. అప్పటినుంచి ప్రతి దిగుడుకీ కింద చివరి వంద మీటర్లు ఎలా ఉన్నాయో చూడకుండా పైకి ఎక్కడం మానేశాను.

మంచి దిగుడంటే నా లెక్కలో ఇలా ఉండాలి: పైనుంచే అడుగుదాకా మొత్తం కనిపించాలి, కింద జంక్షన్ గానీ గేటు గానీ ఉండకూడదు, దిగుడు అయ్యాక రోడ్డు సాఫీగా కొంత దూరం పోవాలి, ఇంకా మంచిది కొంచెం ఎత్తెక్కాలి, అప్పుడు వేగం దానంతటదే చచ్చిపోతుంది, పక్కన గడ్డి ఉండాలి, గుంట గానీ రాళ్ళు గానీ ఉండకూడదు. ఇవన్నీ ఉంటే ఎక్కి దిగండి. ఒక్కటి తగ్గినా దిగుడు వదిలేయండి, వీపు సంచిలో మామూలు బూట్లు పెట్టుకెళ్ళి పైన మార్చుకుని నడిచి దిగండి, లేదా ఎవరినైనా కారు తీసుకుని పైకి రమ్మనండి. రేసులు ఆడేవాళ్ళు కూడా కొండ రోడ్డు ఎక్కడమే ట్రైనింగ్‌గా చేసి వ్యాన్‌లో దిగిపోతారు, అందులో నామోషీ ఏం లేదు, పని అంతా ఎక్కడంలోనే ఉంది.

ఇక ఎక్కడ వెతకాలి. అన్నిటికన్నా మంచివి రోలర్ స్కీల కోసమే కట్టిన ట్రాకులు, పాత ఒలింపిక్ వేదికల్లో ఇవి ఎక్కువ. 1988 క్యాల్గరీ ఒలింపిక్స్‌కి కట్టిన కెనడాలోని క్యాన్‌మోర్ నార్డిక్ సెంటర్‌లో తారు ట్రాక్ ఉంది, 2002 సాల్ట్ లేక్ ఒలింపిక్స్ జరిగిన సోల్జర్ హాలోలో ఉంది, నార్వేలో ఓస్లోలోనే ఉన్న హోల్మెన్‌కొలెన్‌లో ఉంది. బయాథ్లాన్, అంటే స్కీయింగ్ చేస్తూ మధ్యలో ఆగి తుపాకీతో గురి కాల్చే ఆట, ఆడేవాళ్ళు ఎండాకాలమంతా రోలర్ స్కీల మీదే షూటింగ్ ప్రాక్టీస్ చేస్తారు కాబట్టి బయాథ్లాన్ స్టేడియం ఎక్కడున్నా దగ్గర్లో ఇలాంటి ట్రాక్ ఉందేమో అడగండి. కార్లుండవు, వన్‌వే ఉంటుంది, తారు చాపలా ఉంటుంది. అయితే ఒక విషయం ఎవరూ ముందుగా చెప్పరు, ఇవి పెద్ద ఆటగాళ్ళ కోసం కట్టినవి, మంచులో ఉండే రేస్ కోర్సుల్లాగే నిలువు ఎత్తులు, పదునైన మలుపులు పెడతారు. కార్లు లేవు కదా అని మొదటి వారమే వెళ్తే అక్కడి దిగుళ్ళు చూసి కాళ్ళు వణుకుతాయి. ముందు నడిచి ఒక రౌండ్ వేసి చూడండి, తేలిక లూప్ ఏదో అక్కడివాళ్ళనే అడగండి.

నేను కొత్తవాళ్ళకి మొదట చెప్పేది పాత రైలు దారుల గురించి. రైళ్ళు ఆగిపోయాక పట్టాలు తీసేసి సైకిల్ దారులుగా మార్చినవి చాలా దేశాల్లో ఉన్నాయి. రైలు బండి నిలువు ఎత్తు ఎక్కలేదు కాబట్టి ఆ దారులు చాలావరకు 2, 3 శాతం వాలు దాటవు, మలుపులు కూడా పెద్ద పెద్దగా, దూరం నుంచే కనిపించేలా ఉంటాయి. డబుల్ పోలింగ్, అంటే కాళ్ళు కలిపి రెండు పోల్స్‌తో ఒకేసారి తోసుకుంటూ పోవడం, నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. రెండు విషయాలు మాత్రం ముందే చూస్కోవాలి, ఒకటి అది తారు దారా కంకర దారా అన్నది, చాలావాటికి సన్న కంకరే వేస్తారు, రెండోది రోడ్లు అడ్డొచ్చే చోట్ల కార్లు రాకుండా దారి మధ్యలో పాతిన స్తంభాలు, స్కేటింగ్ చేస్తూ, అంటే కాళ్ళు పక్కలకి తోస్తూ, పోల్స్ చాపుకుని వచ్చేవాడికి ఆ స్తంభాల సందు సరిపోదు, ముందే వేగం తగ్గించుకుని కాళ్ళు కలిపి దూరాలి.

కాలవ గట్ల మీద, చెరువు కట్టల మీద, నది వెంబడి వేసిన రోడ్లు కూడా ఇలాంటివే, చదునుగా ఉంటాయి, అడ్డ రోడ్లు తక్కువ. మూతపడిన విమానాశ్రయాలు దొరికితే పండగే, బెర్లిన్‌లో టెంపుల్‌హాఫ్ విమానాశ్రయం 2008లో మూసేసి 2010లో పార్కుగా తెరిచారు, ఆ రన్‌వేల మీద ఇప్పుడు సైకిళ్ళు, స్కేట్లు తిరుగుతుంటాయి. అలాంటి బయలు చోట్ల గాలే మీ కొండ, ఎదురుగాలిలో వెళ్ళేటప్పుడు ఎత్తెక్కినట్టే ఉంటుంది, వెనకగాలికి తిరిగేసరికి అనుకోకుండా వేగం వచ్చేస్తుంది, అందుకని ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే ఎదురుగాలి వైపు మొదలుపెట్టండి. ఊళ్ళో ఉండేవాళ్ళకి ఇంకో మంచి దారి ఫ్యాక్టరీల ఏరియా, సెలవు రోజు పొద్దున్నే అక్కడ పురుగు కూడా ఉండదు, రోడ్లు వెడల్పుగా ఉంటాయి, లారీలు తిరగడం వల్ల ఆయిల్ మరకలు, చిన్న చిన్న ఇనుప ముక్కలు ఉంటాయి, అదొక్కటే చూస్కోవాలి. ఇళ్ళు ఇంకా కట్టని కొత్త లేఅవుట్లు కూడా బాగుంటాయి, ఇళ్ళ పని మొదలయ్యేదాకా మాత్రమే.

అసలు మొట్టమొదటి రోజైతే ఇవేవీ వద్దు. ఖాళీ పార్కింగ్ స్థలం చాలు. నిలబడటం, ఒక కాలి మీద జారడం, పడటం, లేవడం, ఆగడం, అన్నీ అక్కడే తేల్చుకుని తర్వాత రోడ్డెక్కండి.

నడిచేవాళ్ళూ సైకిళ్ళూ కలిసి వాడే దారుల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనలో చాలామందికి దగ్గర్లో ఉండేవి అవే. స్కేట్ పద్ధతిలో కాళ్ళు అటూ ఇటూ తోస్తూ పోల్స్ చాపితే దాదాపు రెండు మీటర్ల వెడల్పు మనమే తీసుకుంటాం, దారే రెండున్నర, మూడు మీటర్లుంటే ఎదురొచ్చేవాళ్ళకి ఏం మిగులుతుంది? అందుకే ఇరుకు దారికి కాళ్ళు తిన్నగా ముందుకే జరిపే క్లాసిక్ స్కీలు మేలు, లేదంటే మనుషులు కనపడగానే కాళ్ళు కలిపి డబుల్ పోలింగ్‌లోకి వచ్చేయండి. వెనకనుంచి దాటేటప్పుడు దూరం నుంచే గొంతు వినిపించాలి, దగ్గరికొచ్చాక అరిస్తే వాళ్ళు బెదిరి ఎటు తప్పుకోవాలో తెలీక మన దారికే అడ్డొస్తారు. కుక్కలకి ఈ పోల్స్ అంటే కర్రెత్తినట్టే, ఒళ్ళు దగ్గర పెట్టుకుని పోల్స్ వెనక్కి దించేసి ఉన్న వేగంతోనే జారుకుంటూ పోండి, గుర్రాలెక్కి వచ్చేవాళ్ళుంటే పూర్తిగా ఆగిపోండి, ఆ టక్ టక్ చప్పుడుకి గుర్రం బెదురుతుంది. కిటకిటలాడే టైముల్లో ఆ దారికి అసలు వెళ్ళకపోవడమే నయం, పొద్దున్న ఆరింటికి అదే దారి మొత్తం మీది.

కార్లు తిరిగే రోడ్డు తప్పదనుకుంటే రోడ్డు పక్కన వెడల్పైన తారు అంచు ఉన్నది ఎంచుకోండి, ఎటు నుంచి ఎటు పోయే రోడ్డో కూడా ఆలోచించండి, రెండు ఊళ్ళని కలిపే దగ్గరి దారైతే ఎంత చిన్నదైనా కార్లు ఆగవు, ఎక్కడికీ పోకుండా చివర్లో ఆగిపోయే రోడ్డులో అక్కడుండేవాళ్ళు తప్ప ఎవరూ రారు. లూప్ వేసుకునేటప్పుడు మలుపులన్నీ మీరు వెళ్ళే వైపుకే వచ్చేలా వేసుకోండి, బండ్లు ఎడమవైపు నడిచే దేశమైతే అన్నీ ఎడమ మలుపులే వచ్చేలా, కుడివైపైతే కుడి మలుపులే, అప్పుడు జంక్షన్‌లో ఎదురు ట్రాఫిక్‌ని కోసుకుంటూ పోయే పని ఒక్కసారి కూడా రాదు. చట్టం సంగతి కూడా ముందే కనుక్కోండి, నార్వే, స్వీడన్‌లలో రోలర్ స్కీ మీద వెళ్ళేవాళ్ళని నడిచేవాళ్ళ కిందే లెక్కేస్తారు, అన్ని చోట్లా అలాగే ఉంటుందనుకోకండి. హెల్మెట్, మెరిసే జాకెట్, గ్లవ్స్, కళ్ళద్దాలు లేకుండా వెళ్ళొద్దు, చెవుల్లో పాటలు పెట్టుకుని మాత్రం అస్సలు వద్దు, వెనక వచ్చే బండి మనకి ముందు తెలిసేది చెవితోనే.

వెతికే పని ఇంట్లోంచే మొదలుపెట్టొచ్చు. శాటిలైట్ మ్యాప్‌లో కొత్త తారు నల్లగా, పాతది బూడిదరంగులో కనిపిస్తుంది, వీధి ఫోటోల్లో అంచులు, పగుళ్ళు చూడొచ్చు, అవి ఎప్పుడు తీసినవో తేదీ చూడటం మర్చిపోకండి. సైకిల్ రూట్లు గీసే యాప్‌లో గీత గీస్తే ఎత్తుపల్లాల గ్రాఫ్ వస్తుంది, 4, 5 శాతం దాటిన దిగుళ్ళన్నీ గుర్తు పెట్టుకోండి. వ్యాయామాలు నమోదు చేసుకునే స్ట్రావా యాప్‌లో రోలర్ స్కీ అని విడిగా యాక్టివిటీ ఉంది, మీ చుట్టుపక్కల ఎవరైనా వెళ్తున్నారేమో అందులో దొరకొచ్చు. ఊరి స్కీ క్లబ్బు, ఇన్‌లైన్ స్కేటర్లు, సన్న టైర్ల రేసింగ్ సైకిళ్ళవాళ్ళు, వీళ్ళని అడిగితే నున్నటి రోడ్లు నోటికి చెప్పేస్తారు.

ఆ తర్వాత తప్పకుండా సైకిల్ మీద ఒకసారి వెళ్ళి రండి, రెండు వైపులా, దిగే వైపు ముఖ్యంగా. సైకిల్ చక్రం ముందు మన చక్రం ఎంతనుకున్నారు? స్కేట్ రోలర్ స్కీ చక్రం అడ్డకొలత 100 మిల్లీమీటర్లు, వెడల్పు 24, క్లాసిక్ చక్రం ఇంకా చిన్నది కానీ వెడల్పు దాదాపు రెట్టింపు. శనగగింజంత రాయి సైకిల్ కింద పడితే మనకి తెలీను కూడా తెలీదు. అదే రాయి స్కీ ముందు చక్రం కింద పడిందంటే, ఒకసారి వంగి చూశాను, చక్రానికీ తారుకీ మధ్య ఇరుక్కుని అది దొర్లదు, చక్రాన్నే పట్టేస్తుంది, కాలు ఆ క్షణంలో అక్కడే ఉండిపోతుంది, ఒళ్ళు ముందుకి పోతుంది. అందుకని సైకిల్ ఆపి దిగి, మలుపు లోపలి అంచున వేలితో తారు మీద రాసి చూడండి, ఇసుక అంటుకుంటే ఆ మలుపు మీద నమ్మకం పెట్టుకోకండి. రోడ్డు వెంబడి నిలువునా పోయే పగులు అడ్డంగా ఉన్నదానికన్నా ప్రమాదం, అడ్డ పగులు కుదిపి వదిలేస్తుంది, నిలువు పగుల్లో సన్న చక్రం దిగి ఇరుక్కుంటుంది. చెట్ల వేర్లు తోసిన ఉబ్బెత్తులు, మురుగు కాలవల ఇనుప జాలీలు, రైలు పట్టాలు, చెక్క వంతెనలు, ఇవన్నీ మనసులో రాసుకోండి, చెక్క పలకల సందులో పోల్ మొన దిగిందంటే పోల్ విరుగుతుంది లేదా భుజం లాగేస్తుంది, వంతెన మీద పోల్స్ ఎత్తి పట్టుకుని జారిపోండి.

తారు రకాన్ని బట్టి ఆనందం మారిపోతుంది. పైన గరుకు కంకర చల్లి ఒత్తిన రోడ్డు కారులో వెళ్తే బాగానే ఉంటుంది, స్కీ మీద మాత్రం మోకాళ్ళ దాకా జలదరింపే. సిమెంటు రోడ్డు మీద పోల్ చివరుండే కార్బైడ్ (గట్టి లోహం) మొన సరిగా పట్టదు, పట్టినా దెబ్బ మోచేతికి తగులుతుంది. నడి ఎండలో మెత్తబడిన తారులో మొనలు గుచ్చుకుని బయటికి రావు, పొద్దున్న హాయిగా ఉన్న రోడ్డే మధ్యాహ్నం చేతులు పీకేస్తుంది. వాన పడితే రోడ్డు మీది తెల్ల గీతలు, ఇనుప మూతలు, రాలిన ఆకులు, మూడూ సబ్బులా జారతాయి. మొనలు అరిగిపోయి గుండ్రంగా అయితే ఎంత మంచి రోడ్డైనా జారుతున్నట్టే ఉంటుంది, డైమండ్ ఫైల్‌తో అప్పుడప్పుడూ పదును పెట్టుకోండి.

ఉన్న రోడ్డుకి తగ్గట్టు చక్రాలు మార్చుకోవడం ఇంకో ఉపాయం. చాలా బ్రాండ్లలో చక్రం మీది అంకె పెరిగేకొద్దీ నెమ్మదిగా దొర్లుతుంది, మధ్యలో ఉండే 2 నంబర్ చక్రం చాలామందికి సరిపోతుంది, మీ దగ్గర దిగుళ్ళు ఎక్కువుంటే 3 వేస్కోండి, చదును రోడ్డు కూడా అప్పుడు మంచి కసరత్తవుతుంది. నున్నటి రోడ్డే దొరకని చోట గాలి నింపే పెద్ద టైర్ల రోలర్ స్కీలు ఉన్నాయి, కంకర దారి మీద కూడా పోతాయి, బరువెక్కువ, కానీ ఇంట్లో కూర్చోవడం కన్నా ఎంతో నయం.

ఏడాదికొక్కసారైనా రోడ్డు మూసేసి పెట్టే రేసుకి వెళ్ళి చూడండి, స్వీడన్‌లో ట్రోల్‌హాటన్‌లో జరిగే అలియాన్స్‌లోపెట్ లాంటివి, నార్వేలో సాండ్నెస్‌లో బ్లింక్ లాంటివి. కార్లనే మాట లేకుండా రోడ్డు మొత్తం స్కీయర్లతో నిండటం ఒక్కసారి అనుభవిస్తే మన మామూలు రోడ్డులో మనం ఎంత మనసు కార్ల మీద ఖర్చు పెడుతున్నామో తెలుస్తుంది.

ఇంకొకటి, ఒకసారి చూసిన రోడ్డు ఎప్పటికీ అలాగే ఉండదు. పెద్ద వాన తర్వాత మట్టి కొట్టుకొస్తుంది, మంచు పడే చోట్ల చలికాలంలో చల్లిన కంకర వసంతం దాకా అంచుల్లోనే ఉంటుంది, ఎవరో పైపుల కోసం తవ్వి పూడుస్తారు. అందుకే నాకు ఇష్టమైన లూప్‌లో కూడా మొదటి రౌండ్ ఎప్పుడూ నెమ్మదిగానే వేస్తాను, దిగుడు మొదలయ్యే చోట ఆగి కిందికి చూస్తాను, నా సంచిలో ఒక చిన్న చీపురు కూడా ఉంటుంది, మలుపులో రాళ్ళు కనిపిస్తే స్కీలు విప్పి రెండు నిమిషాలు ఊడ్చేసి అప్పుడు మళ్ళీ పైకెక్కుతాను.